ముందు మనుషులు, వెనుక మూటలు

ధర్మపురి యనగానే తెలుగువారి మనస్సునకు గోదావరీతీరమున వెలసిన నరసింహక్షేత్రము తోచుట సహజము. నేనిప్పుడు చెప్పబోవునది ఆ ధర్మపురి కాదు. ప్రాచీన తమిళకావ్యములలో తగడూరను పేర వినబడి, అదియమాను దాతృత్వముతోను అవ్వైయారు కవిత్వముతోను ముడివడి, పిదప మన హేమావతిని రాజధానిగా చేసికొని యేలిన నొళంబుల శిల్పమును తన కోటగుడిలో నేటికిని నిలుపుకొని, దత్తమండలములకు రాకపూర్వము థామస్ మన్రో ఏడేండ్లపాటు కొలువు చేసిన తావై, నేడు బెంగళూరు సేలముల నడుమ 44వ జాతీయరహదారి ప్రక్కనున్న తమిళనాటి ధర్మపురిని గూర్చి చెప్పుచున్నాను. 1965 అక్టోబరు 2న సేలమునుండి వేరుపడి జిల్లాయైన ఈ సీమనుండి 2004లో కృష్ణగిరి మరియొక జిల్లాగా విడివడినది. ఈ రెండు జిల్లాలలోను తరతరములుగా తెలుగు మాటలాడు రైతుకుటుంబములు కలవు. ఇంట తెలుగు, సంతలో తమిళము, హోసూరు దాటినచో కన్నడము వారికి నిత్యవ్యవహారము. పాలక్కోడు టమాట, కృష్ణగిరి మామిడి, కొండపొలముల చింతపండు, పట్టుగూళ్ళు, పూలు, చెరకు మొదలగు వానిలో ఏది పండించినను, పండించుట సగము పని. దానిని విపణికి చేర్చుట మిగిలిన సగము. ఆ రెండవ సగమునకు ఇటీవల తోడైన ఒక బండిని గూర్చి ఈ వ్యాసము.

ఒకనాటి తెల్లవారుజామున ధర్మపురి పట్టుగూళ్ళ విపణియొద్ద నిలిచియుండగా, నాలుగు తలుపులుగల పొడవైన బండి యొకటి వచ్చి ఆగినది. దాని వెనుక తొట్టిలో వదులుగా కట్టిన గూళ్ళ సంచులు కలవు. పట్టుగూడు తేలికయైన వస్తువే గాని మిక్కిలి సుకుమారమైనది. సంచిని అదిమి నింపినచో గూడు నలుగును, నలిగిన గూటినుండి దారము సాఫీగా రాదు, ఆలస్యమైనచో పట్టుచిలుక వెలుపలికి వచ్చి గూటికి చిల్లు పడును. కొనుగోలుదారుడు గూటినొకదానిని వ్రేళ్ళ నడుమ నొక్కి, చెవియొద్ద ఆడించి, లోపలి పురుగు కదలిక విని ధర మనస్సులో కట్టుకొనుచుండెను. అంతలో ఆ బండి వెనుకవరుస తలుపు తెరచుకొని ఒక ముసలమ్మ నెమ్మదిగా క్రిందికి దిగెను. దిగిన వెంటనే రెండుచేతులతోను చీర వెనుకభాగమును గట్టిగా దులుపుకొనెను. ఆ చీరపై దుమ్ము లేదు. ఏండ్లతరబడి సంచులమీద కూర్చుండి వచ్చిన యలవాటు చేతులకు మిగిలియున్నది గాని, ఆనాడు ఆమె కూర్చుండినది మెత్తని ఆసనము. ఆ దులుపుకొనుట చూచిన తరువాత ఈ బండి విలువను గుఱ్ఱపుశక్తులతో మాత్రమే కొలుచుట నాకు చాలదనిపించినది.

ఏలయన మన పల్లెలలో సరుకుబండి యన్నది తరచుగా మనుషుల బండి కూడ అగుచున్నది. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటినుండి చిన్న సరుకుబండి ప్రతి సందులోనికి ప్రవేశించినది. తమిళులు దానిని ముద్దుగా కుట్టి యానై, అనగా ఏనుగుపిల్ల యనుచున్నారు. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్తు ఈ సీమలోని హోసూరులోనే తయారగుచున్నది. ఇవి రైతుకు చేసిన మేలు తక్కువది కాదు. ఐనను వాని క్యాబులో డ్రైవరునకును మరి ఒకరిద్దరికిని మాత్రమే చోటు. కోతకు పోవు కూలీలు, కల్యాణమునకు పోవు బంధువులు, సంతకు పోవు ఇంటి ఆడువారు వెనుక తొట్టిలో నిలువబడియో మూటలపై కూర్చుండియో పోవుట దారిపొడవునను కనబడును. సరుకుబండి తొట్టిలో మనుషులను ఎక్కించుట చట్టవిరుద్ధము. చట్టముకన్నను ముఖ్యమైనది ప్రాణము. తొట్టిలో పట్టుకొనుటకు ఊత లేదు, బెల్టు లేదు, కప్పు లేదు. బండి ఒక్కసారి ఒరిగినచో ముందుగా నేలకు తగులునది తొట్టిలోని మనిషియే. డబుల్ క్యాబ్ పికప్పు అనునది ఈ దుఃస్థితికి ఉపాయముగా పనికివచ్చు బండి. ముందు రెండువరుసలలో ఐదుగురికి ఆసనములు, వెనుక తెరచిన తొట్టి: మనిషి చోటు మనిషిది, మూట చోటు మూటది.

దాని కట్టుబడి సామాన్యమైన కారు కట్టుబడి వంటిది కాదు. కారులో పైడొప్పయు అడుగుభాగమును కలిసి ఒకే పెట్టెగా నుండును. పికప్పులో నిచ్చెనవలె రెండు పొడవైన ఉక్కుదూలములను అడ్డపట్టెలతో బిగించిన ఛాసిస్ మొదట నుండును. దానిపై క్యాబు వేరుగా, తొట్టి వేరుగా బిగింపబడును. బరువును మోయునది నిచ్చెన. క్యాబు దానిపై కూర్చుండు పల్లకి. వెనుక ఇరుసునకు లారీలలోవలె కమాన్ కట్టలుండును. ఉక్కుబద్దలను ఒకదానిపై నొకటి పేర్చిన ఈ కట్టలు బరువు పడినకొలదియు గట్టిపడి బండిని నిలుపును. ఈ గుణమే ఒక దోషమునకును కారణము. తొట్టి ఖాళీగానున్నప్పుడు వెనుకభాగము ఎగిరెగిరి పడును. వానలో మలుపు తిరుగునప్పుడు తేలికయైన వెనుకచక్రములు జారుటకును అవకాశము కలదు. అందుచేత ఖాళీబండిని నిండుబండికన్న జాగ్రత్తగా నడుపవలయునని అనుభవజ్ఞులైన డ్రైవర్లు క్రొత్తవారికి చెప్పుదురు.

ఇక డీజిలు సంగతి. పారిసులో 1858లో జన్మించిన జర్మను యంత్రవేత్త రుడాల్ఫ్ డీజిల్, ఆగ్స్‌బర్గు నగరమున 1897లో తన యంత్రమును నడిపించి చూపెను. అందలి సూత్రము సైకిలుపంపుతో గాలికొట్టిన ప్రతివానికిని తెలిసినదే: గాలిని బలముగా నొక్కినచో అది వేడెక్కును. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ కావలయును. డీజిలు ఇంజనులో గాలిని సుమారు పదునాఱవవంతునకు అణచివేయగా అది స్వయముగా డీజిలును అంటింపగల వేడిని పొందును, ఆ క్షణముననే చమురు సన్నని తుంపరగా లోపలికి చిమ్మబడును. నేటి ఇంజనులలో ఈ చిమ్ముట కామన్‌రైలు పద్ధతిచే, వాయుమండలపీడనమునకు వేయిరెట్లు మించిన పీడనముతో జరుగును. పొగగొట్టమున వృథాగా పోవు వాయువుల వేగముచే తిరుగు టర్బో మరింత గాలిని లోపలికి నెట్టును. ఫలితముగా తక్కువ తిరుగుడులోనే ఎక్కువ మెలివేత, అనగా టార్క్ లభించును. గుఱ్ఱపుశక్తి బండి ఎంత వేగముగా పోగలదో చెప్పును. టార్క్ బరువుతో నిలిచిన బండిని ఎంత సులువుగా కదల్పగలదో చెప్పును. పందెపుగుఱ్ఱమునకును అరకయెద్దునకును గల భేదమే ఇది. రైతునకు కావలసినది ఎద్దు.

2021లో మార్చిన ఇంజనుతో వచ్చిన ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్‌ను ఉదాహరణగా తీసికొందము. దాని డీజిలు ఇంజను 1,898 ఘనసెంటీమీటర్లది. శక్తి 163 పీఎస్. టార్క్ 360 న్యూటన్‌మీటర్లు. ఆ 360 అనగా, ఒక మీటరు పొడవైన కడ్డీ కొనకు సుమారు 37 కిలోల బరువు వ్రేలాడదీసినచో మొదటియందు కలుగు మెలివేత. గేరుపెట్టెయు ఇరుసులోని పండ్లచక్రములును దానిని అనేకరెట్లు పెంచి చక్రములకు అందించును. అంకెకన్న ముఖ్యమైనది అది దొరకు స్థానము: 2,000 మొదలు 2,500 తిరుగుడుల నడుమనే ఆ బలమంతయు లభించును. ధర్మపురికి చేరువనున్న వత్తల్‌మలై కొండదారిలో మలుపు వెంట మలుపు తిరుగుచు ఎక్కునప్పుడు, ప్రతి మలుపునందును బండి దాదాపు నిలిచిపోయి మరల కదలవలసియుండును. అప్పుడు ఇంజనును గర్జింపజేయకయే, క్లచ్చి కాల్చకయే బండి ముందుకు సాగుట ఈ గుణముచేతనే.

ఎక్కుట ఇంజను పని. దిగుట డ్రైవరు వివేకము. ధర్మపురినుండి సేలము వైపు పోవునప్పుడు తొప్పూరు కనుమ వచ్చును. ఘోరప్రమాదములకు పేరుపడిన దారి అది. డీజిలు ఆదా యగునని దిగుడులో గేరు తీసి న్యూట్రలులో వదలు అలవాటు అచ్చటి ప్రమాదములకు ముఖ్యకారణములలో నొకటి. గేరు తీసిన బండికి ఇంజను పట్టు పోవును. భారమంతయు బ్రేకులపై పడి అవి వేడెక్కి నిస్సత్తువలగును. పైగా నేటి ఇంజనులలో గేరులోనే దిగునప్పుడు యాక్సిలరేటరుపై కాలు తీసినచో చమురు చిమ్ముట దాదాపుగా ఆగిపోవును, న్యూట్రలులోనైతే ఇంజను ఆగకుండుటకు చమురు త్రాగుచునేయుండును. కావున ఆదా యనుకొన్నది ఆదాయును కాదు. ఎంత గొప్ప పికప్పు కొన్నవాడైనను తొప్పూరు దిగునప్పుడు తక్కువ గేరులో, ఓర్పుతో దిగవలయును.

నాలుగుచక్రముల నడక గూర్చియు ఒకమాట. ఈ బండ్లలో కొన్ని రకములకు మాత్రమే అది యుండును; దానికై ధర గణనీయముగా పెరుగును. సాధారణముగా వెనుకచక్రములే బండిని నెట్టును. బురదలో, ఇసుకలో, తడిసిన కొండబాటలో మీట త్రిప్పినచో ముందుచక్రములకును బలము చేరును. మరింత కష్టమైన చోట లో-రేంజి యను స్థితిలో వేగము తగ్గి బలము హెచ్చును. ఎండిన తారురోడ్డుపై దీనిని వాడరాదు. మలుపులో ముందు వెనుక చక్రములు తిరుగు దూరము వేరగుటచే యంత్రభాగములు ఒకదానినొకటి పట్టి పీడించుకొనును. అడవి అంచు తోటలుగల పెన్నాగరము వైపు రైతునకు ఇది ఐశ్వర్యము. తారురోడ్డు ప్రక్కనే పొలముగలవానికి ఇది ఏడాదికి రెండుమారులు వాడు ఆభరణము. అతడు దానికై లక్షలు వెచ్చింపనక్కరలేదు.

ఇసుజు బండి జన్మవృత్తాంతములో తెలుగునేలకు పాలు కలదు. జపానులో ఇసె దేవాలయము ప్రక్కన ప్రవహించు నదికి ఇసుజు అని పేరు; ఆ మాటకు అక్షరార్థము యాభై చిరుగంటలు. ఆ నది పేరునే తనకు పెట్టుకొన్న సంస్థ మొదట తిరువళ్ళూరులోని హిందుస్తాన్ మోటార్సు కర్మాగారమున తన బండ్లను కూర్పించి, పిదప తడ సత్యవేడుల నడుమనున్న శ్రీసిటీలో 107 ఎకరములలో సొంత కర్మాగారము నిర్మించి, 2016 ఏప్రిల్ 27న ప్రారంభించినది. ఆరంభసామర్థ్యము ఏటికి 50,000 బండ్లు. నాడు చిత్తూరు జిల్లాలోనుండిన శ్రీసిటీ నేడు తిరుపతి జిల్లాలో నున్నది. ఆంధ్రదేశమున తయారైన బండి ఎల్లదాటి తమిళనాటి తెలుగురైతు వాకిట నిలుచుచున్నది. జహీరాబాదు కథయు ఇట్టిదే. హైదరాబాదు ఆల్విన్ సంస్థ నిస్సానుతో చేతులు కలిపి 1980లలో అచ్చట తేలికరకపు సరుకుబండ్లను చేసినది. పిదప ఆ కర్మాగారము మహీంద్రావారి చేతికి పోయినది. ప్రపంచమున పికప్పులకు పేరుపొందిన దేశము థాయిలాండు. అచ్చటి పన్నులు పికప్పునకు అనుకూలములగుటచే అది రైతుకు సరుకుబండియు, ఇంటికి కారును అయినది. మనదేశమున ఆ వెసులుబాటు లేమిచే డబుల్ క్యాబు ఇంకను కొద్దిమంది బండిగానే యున్నది.

ధరల మాట చూతము. వి-క్రాసు 2016 మే నెలలో వచ్చినప్పుడు చెన్నై షోరూము ధర 12.49 లక్షలు. 2020 ఏప్రిల్ 1నుండి బీఎస్-6 నియమములు వచ్చి, పొగను వడగట్టు పరికరములు తప్పనిసరియైన తరువాత 2021లో అదే కుటుంబములోని సాదా రకమైన హై-ల్యాండరు ధరయే 16.98 లక్షలైనది. 2022లో మనదేశమున అడుగిడిన టొయోటా హైలక్సు బెంగళూరు చెంత బిడదిలో తయారగుచున్నది, 2.8 లీటర్ల ఇంజను, 204 పీఎస్, 700 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడువగల కట్టుబడి, నాటి ఆరంభధర 33.99 లక్షలు. వీనికి భిన్నముగా మహీంద్రా బొలెరో క్యాంపరు కలదు. దాని 2.5 లీటర్ల ఇంజనునకు 200 న్యూటన్‌మీటర్ల టార్కు మాత్రమే, హంగులు తక్కువ, ఐనను ఒక టన్ను మోయును, ధర పై వానితో పోల్చినచో ఎంతో తక్కువ. పనికి బండి కావలయునా, పనియు ప్రయాణమును ఒకే బండితో జరుగవలయునా యను ప్రశ్నకు రైతు ఇచ్చుకొను సమాధానముపై ఈ యెంపిక ఆధారపడును.

ఆ ప్రశ్నకు తోడు మరియొక లెక్క కలదు. డబుల్ క్యాబులో రెండవ వరుసకు చోటిచ్చుటకై తొట్టి పొట్టిదగును. దాని పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. టమాట ప్లాస్టిక్ క్రేటు రెండడుగుల పొడవు, అడుగుంబావు పైచిలుకు వెడల్పు. ఒక అంతస్తులో ఎనిమిది తొమ్మిది క్రేట్లు, రెండంతస్తులకు పదునాఱు పదునెనిమిది. క్రేటునకు 25 కిలోల చొప్పున 400 మొదలు 450 కిలోలు. ఎనిమిది తొమ్మిదడుగుల తొట్టిగల సింగిల్ క్యాబులో యాభై క్రేట్ల వరకు పట్టును. కావున ప్రతి ఉదయము పాలక్కోడు టమాట సంతకు నిండు సరుకు తోలు రైతునకు డబుల్ క్యాబు నష్టము. రిజిస్ట్రేషను పత్రమును గూడ జాగ్రత్తగా చదువవలయును: తెల్లప్లేటుపై సొంతవాడుకకు నమోదగు రకములలో మోయదగిన బరువు మిక్కిలి తక్కువగా వ్రాయబడియుండును, అద్దెకు సరుకు తోలుటకు అవి పనికిరావు, పసుపుప్లేటు బండికి ఆ స్వాతంత్ర్యమున్నది గాని పర్మిటు, ఫిట్‌నెసు బాధ్యతలు వెంటనుండును. తొట్టి ఎంత బలముగా కనబడినను, కాగితముపైని బరువే ప్రమాణము. ప్రమాదము జరిగిననాడు బీమావారు చూచునదియు ఆ కాగితమునే.

అప్పుమీద కొనువారికి మరియొక లెక్క. 15 లక్షలు నూటికి ఏటికి 10 వడ్డీతో ఐదేండ్లకు తీసికొన్నచో నెలకు సుమారు 32 వేల రూపాయల వాయిదా. నెలకు 26 దినములు బండి కదలునని అనుకొన్నచో దినమునకు 1,230 రూపాయలు. దినమునకు 60 కిలోమీటర్లు, లీటరునకు 12 కిలోమీటర్లు అనుకొన్నచో ఐదు లీటర్ల డీజిలు. లీటరు 90 రూపాయల పైమాట గనుక మరి 450 పైచిలుకు. టైర్లు, సర్వీసు, బీమా చేర్పకమునుపే దినమునకు 1,700 రూపాయల మోత. ఈ మొత్తమును సంచులు మాత్రమే తీర్పవలెననినచో తీరదు. కుటుంబపు కారు, సరుకుబండి అద్దె, కూలీలను తెచ్చు ఆటో అద్దె, ఆసుపత్రి ప్రయాణము అను నాలుగు ఖర్చుల స్థానమున అది నిలిచినప్పుడే లెక్క సరిపోవును.

వాడుకలో గమనింపవలసిన చిన్నవిషయములును కలవు. పొగ వడపోతలో చేరిన మసి కాలిపోవలెననినచో బండి అప్పుడప్పుడు రహదారిపై నిలకడయైన వేగమున అరగంటయైనను పోవలయును. ఊరిలోనే రెండేసి కిలోమీటర్లు త్రిప్పుచుండినచో మసి పేరుకొని హెచ్చరికదీపము వెలుగును. కల్తీడీజిలు నేటి సున్నితమైన చమురుచిమ్మెనలను చెఱచును. డబ్బాలలో నిలువయుంచిన డీజిలు పోయుట మానవలయును. దాదాపు ఐదుమీటర్లో, అంతకు మించియో పొడవుగల బండి గనుక సన్నని వీధులలో త్రిప్పుట కష్టము. వాకిలి కొలిచి చూచుకొని కొనుట మంచిది. తెరచిన తొట్టికి వానకాలమున మంచి టార్పాలినును, మూటలు కదలకుండ త్రాళ్ళు బిగించు కొక్కెములును అవసరము. వెనుకవరుస ఆసనపు వీపు కొన్ని బండ్లలో నిటారుగా నుండును. కొనుటకు ముందు ఇంటిలోని పెద్దవారిని అందు అరగంటసేపు కూర్చుండబెట్టి చూడవలయును. షోరూమునకు యజమాని ఒక్కడే పోయి స్టీరింగుపట్టి చూచి వచ్చుట మన యలవాటు. ఈ బండి విషయమున పరీక్షింపవలసినది వెనుకవరుసను, పరీక్షింపవలసినవారు అందు కూర్చుండబోవువారు.

అందువలన నా సలహా యిది. కొనదలచినవారు గడచిన నెల కాలెండరును ముందుంచుకొని, మనుషులును సరుకును కలిసి ప్రయాణముచేసిన దినములను గుర్తుపెట్టుకొనవలయును. పట్టుగూళ్ళతో ఇల్లాలు, పూలతో కూతురు, విత్తనములతో నలుగురు కూలీలు, మామిడిబుట్టలతో చుట్టాలు పోయిన దినములు పది పండ్రెండు కలవేని డబుల్ క్యాబు తన ధరను తాను సంపాదించుకొనును. ఒకటి రెండే కలవేని పొడవుతొట్టి సింగిల్ క్యాబును కొని, మనుషులను బస్సులో పంపుట వివేకము; తొట్టిలో ఎక్కించుట మాత్రము ఏ లెక్కలోను వివేకము కాదు.

ఆనాడు గూళ్ళు తూకమై, వేలము ముగిసి, ఖాళీసంచులు మడిచి తొట్టిలో వేసిన తరువాత కుమారుడు వెనుకవరుస తలుపు తెరచి, “ఎక్కు అమ్మా, ఎండ ఎక్కతా ఉండాది” అనెను. ఆమె ఎక్కుటకు ముందు తొట్టి వైపు ఒక్కసారి చూచి, గాలికి ఎగురుచున్న సంచిని త్రాటిక్రిందికి దోపి, వచ్చి తన చోట కూర్చుండెను. ఆ పని ఆమె వెనుకటి దినములలో తాను సంచులపై కూర్చుండి చేసియుండును. ఇప్పుడు దానిని త్రాడు చేయుచున్నది.